కొనబోయి ఆగిపోయే చోటు

ఆన్‌లైన్ స్టోర్ పెట్టిన చిన్న వ్యాపారుల్ని ఎవరిని కదిలించినా ముందు వినపడే మాట ఇదే: "జనం వస్తున్నారు, చూస్తున్నారు, కొనట్లేదు." ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "ప్రకటనలకి ఇంకెంత పెట్టమంటారు?" ఆ ప్రశ్నని కొన్నాళ్లు పక్కన పెట్టించాలనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ముందు ఒక లెక్క వేద్దాం. మంగళగిరి చీరలు అమ్మే చిన్న స్టోర్ మీదే అనుకోండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనల్లో మనిషికి 8 రూపాయల చొప్పున పడి, నెలకి 1,000 మంది లోపలికి వస్తున్నారు. వాళ్లలో 10 మంది కొన్నారు. వందకి ఒకరు. దీన్నే కన్వర్షన్ రేటు అంటారు. మీది 1 శాతం. ఖర్చు 8,000, ఆర్డర్లు 10, అంటే ఒక్కో ఆర్డరు తెచ్చుకోవడానికి 800 రూపాయలు. 1,400 రూపాయల కాటన్ చీరలో ఆ 800 తీసేసి, నూలు, నేత కూలీ, కొరియర్ కూడా తీసేస్తే మీ చేతికి ఏమీ మిగలదు. ప్రకటనలకి రెట్టింపు పెడితే ఆర్డర్లు 20 అవుతాయి కానీ ఒక్కోటీ ఆ 800కే పడుతుంది. వచ్చిన ఆ వెయ్యి మందిలోనే 10 బదులు 16 మంది కొన్నారనుకోండి, ఆర్డరు ఖర్చు 500కి దిగుతుంది. వ్యాపారం నిలబడేది అక్కడ.

వచ్చి వెళ్లిపోయినవాళ్లలో చాలామంది చీర నచ్చకపోయి వెళ్లలేదు. ప్రకటనలో చూసి, నచ్చే లోపలికి వచ్చారు. లోపల ఏదో ఒక చోట సందేహం వచ్చింది, జవాబు దొరకలేదు, వెళ్లిపోయారు. ఊళ్లో బట్టల కొట్లో ఆ సందేహాలు తీర్చడానికి ఒక మనిషి ఉంటాడు. మడత విప్పి కొంగు పరుస్తాడు. అంచు చేతికిస్తాడు. రంగు పోతుందా అంటే జవాబు చెప్తాడు. ట్యూబ్‌లైటు వెలుగులో రంగు నమ్మకపోతే చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో చూపిస్తాడు. ఆన్‌లైన్‌లో అతని పనంతా పేజీయే చెయ్యాలి. ఒక్కో సందేహానికీ, అది పుట్టిన చోటే జవాబు పెట్టడాన్నే నేను డిజైన్ అంటాను. లోగో, రంగులు, కదిలే బ్యానర్లు ఆ తర్వాతి సంగతి.

ఎక్కడ ఆగుతున్నారో ముందు చూడండి

ఏదీ మార్చకముందు నాలుగు అంకెలు రాసుకోండి. వచ్చినవాళ్లెందరు, ఏదో ఒక చీర పేజీ తెరిచినవాళ్లెందరు, కార్ట్‌లో వేసినవాళ్లెందరు, అడ్రసు ఇచ్చి పేమెంట్ దాకా వెళ్లినవాళ్లెందరు. కొన్నవాళ్ల లెక్క ఎలాగూ మీ దగ్గర ఉంటుంది. మీ స్టోర్ ఏ ప్లాట్‌ఫామ్ మీద నడుస్తున్నా ఈ అంకెలు డ్యాష్‌బోర్డులో దొరుకుతాయి, లేదా గూగుల్ అనలిటిక్స్‌లో పెట్టుకోవచ్చు. ఉదాహరణకి 1,000 మంది వచ్చారు, 620 మంది చీర తెరిచారు, 70 మంది కార్ట్‌లో వేశారు, 31 మంది పేమెంట్ దాకా వెళ్లారు, 10 మంది కొన్నారు అనుకుందాం. కార్ట్‌లో వేసిన 70 మందిలో 60 మంది వదిలేశారు, అంటే సుమారు 86 శాతం. ఆన్‌లైన్ చెకౌట్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలు కలిపి చెప్పే సగటు దాదాపు 70 శాతం. అంటే కార్ట్ వదిలేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, ఈ స్టోర్‌లో మాత్రం మరీ ఎక్కువ.

ఇలాంటప్పుడు బాగుచెయ్యడం కింద నుంచి పైకి మొదలుపెట్టమంటాను. పేమెంట్ దాకా వెళ్లి ఆగిపోయిన ఆ 21 మందికి చీర నచ్చింది, ధర నచ్చింది, ఇంటి అడ్రసు కూడా ఇచ్చారు. వాళ్లని పోగొట్టుకుంటూ మొదటి పేజీ బ్యానర్ దిద్దుకుంటూ కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

అంకెలు ఎక్కడ ఆగారో చెప్తాయి, ఎందుకు ఆగారో చెప్పవు. దానికి మనుషుల్ని చూడాలి. మైక్రోసాఫ్ట్ క్లారిటీ అనే ఉచిత పరికరం పెట్టుకుంటే జనం మీ పేజీలో ఎక్కడ నొక్కారో, ఎక్కడిదాకా జరిపారో వీడియోలా చూడొచ్చు. అంతకన్నా మంచిది పక్కన కూర్చోవడం. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు, అయిదుగురి చేత వాడించి చూస్తే ఒక సైట్లోని ఇబ్బందుల్లో చాలా భాగం బయటపడతాయని. చిన్న వ్యాపారికి ఇంతకన్నా చవకైన పరిశోధన లేదు. మీ చుట్టాల్లో అయిదుగురు చాలు. మీ స్టోర్ కట్టినవాళ్లు, మీ ఇంట్లోవాళ్లు ఆ అయిదుగురిలో ఉండకూడదు.

మా పిన్నికి ఒక చేనేత స్టోర్ ఫోన్‌లో తెరిచి ఇచ్చి పక్కన కూర్చున్నాను. నీకు నచ్చిన చీర కొనుక్కో, నేను మధ్యలో ఏమీ చెప్పను అన్నాను. వంగపండు రంగు చీర ఒకటి చూసి ఆగింది. అంచు దగ్గరగా చూడాలని రెండు వేళ్లతో ఫోటో పెద్దది చెయ్యబోయింది. ఫోటో కదల్లేదు, పక్క చీర ఫోటో వచ్చింది. మళ్లీ వెనక్కి జరిపింది. ఈలోపు "మొదటి ఆర్డరు మీద 10 శాతం తగ్గింపు, మీ ఈమెయిల్ ఇవ్వండి" అని ఒక డబ్బా స్క్రీనంతా కప్పేసింది. మూలన ఇంటూ గుర్తు బియ్యపు గింజంత ఉంది. రెండుసార్లు నొక్కితే గానీ పోలేదు.

"ఇందులో జాకెట్టు ముక్క కలిసే ఉందా?" అంది.

"నన్నడక్కు పిన్నీ, అక్కడే ఎక్కడో ఉంటుంది చూడు."

కిందికి జరిపింది. నాలుగు వాక్యాల వర్ణన ఉంది. సంప్రదాయం, సొగసు, ఆధునిక మహిళ. జాకెట్టు ముక్క మాట లేదు. ఒక క్షణం ఆగి స్క్రీన్‌షాట్ తీసింది. "మీ చెల్లికి పంపుతా. అది బాగుందంటే తీసుకుందాం" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆ పది నిమిషాల్లో నాలుగు లోపాలు కళ్లకి కట్టాయి: పెద్దది కాని ఫోటో, కప్పేసే డబ్బా, అడిగిన దానికి జవాబు లేని వర్ణన, నాలుగోది ఆ స్క్రీన్‌షాట్. ఇది చాలామంది స్టోర్‌వాళ్లకి తట్టదు. మన ఇళ్లలో చీర ఒక్కరే కొనరు. అక్కకో చెల్లికో కూతురికో చూపించి, వాళ్లు సరే అన్నాకే కొంటారు. స్క్రీన్‌షాట్ వెళ్తే దాంతోపాటు లింకు వెళ్లదు, ధర వెళ్లదు. రెండు రోజుల తర్వాత చెల్లి "బాగుంది, తీసుకో" అన్నా పిన్ని మళ్లీ ఆ చీరని వెతికి పట్టుకోవాలి. పట్టుకోలేదు. అందుకే ప్రతి చీర పేజీలోనూ, కొనే బటన్ పక్కనే, "వాట్సాప్‌లో చూపించండి" అని ఒక బటన్ పెట్టండి. నొక్కితే ఫోటో, పేరు, ధర, లింకు కలిసి వెళ్లాలి. చీరల స్టోర్‌కి ఒక్క మార్పు మాత్రమే చేసే వీలుంటే నేను ముందు ఎంచుకునేది దీన్నే.

డబ్బు కట్టే దారి

కార్ట్ దగ్గర మనుషులు వెనక్కి తిరగడానికి మొదటి కారణం చివర్లో పెరిగే ధర. బేమార్డ్ సర్వేల్లో ఏటా పైన ఉండే కారణమూ అదే. చీర 1,400 అని చూపించి, అడ్రసంతా నింపాక డెలివరీకి 90, క్యాష్ ఆన్ డెలివరీకి 40 కలిపి 1,530 అంటే, ఆ 130 రూపాయలు లేక కాదు జనం వెళ్లిపోయేది. ముందు చెప్పలేదన్న కోపంతో. చీర పేజీలోనే, ధర కిందే రాసెయ్యండి: "డెలివరీ 90 రూపాయలు. 2,000 దాటితే ఉచితం." లేదా డెలివరీ ధరలో కలిపేసి 1,490 అని ఒకే మాట చెప్పండి. రెండోదే నాకిష్టం, ఎందుకంటే కొనేవాళ్లకి లెక్క ఒక్కసారే వేసుకునే పని.

తర్వాతది ఖాతా తెరవమనడం. యూజబిలిటీ రంగంలో పేరున్న జారెడ్ స్పూల్ 2009లో ఒక పెద్ద అమెరికన్ ఆన్‌లైన్ దుకాణం సంగతి రాశాడు. అక్కడ చెకౌట్‌కి ముందు "రిజిస్టర్" అనే బటన్ ఉండేది. దాన్ని తీసి "కంటిన్యూ" అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని ఒక చిన్న వాక్యం చేర్చారు. కొనుగోలు పూర్తిచేసేవాళ్లు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాదిలో అదనపు అమ్మకం 30 కోట్ల డాలర్లు. మీ స్టోర్‌కి అన్ని డాలర్లు రావు గానీ అడ్డంకి మాత్రం అదే. మన దగ్గర మనిషిని గుర్తుపెట్టుకోవడానికి మొబైల్ నంబరు చాలు. పాస్‌వర్డు అడగొద్దు. ఓటీపీ కూడా ప్రతివాళ్లనీ అడక్కండి. సిగ్నల్ సరిగా లేని చోట అది రాదు, రాకపోతే మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. క్యాష్ ఆన్ డెలివరీ ఎంచుకున్నవాళ్లకే పెట్టండి.

అడ్రసు ఫారం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి. ముందు పేరు, ఆ తర్వాత ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం, చివరికి పిన్‌కోడ్ అని అడిగే ఫారాలే ఎక్కువ. రాష్ట్రం కోసం జాబితా తెరిస్తే 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు వరసగా ఉంటాయి. తెలంగాణ కోసం చిన్న స్క్రీన్ మీద కిందికి జరుపుకుంటూ పోవాలి. దీన్ని తిరగెయ్యండి. తపాలాశాఖ 1972 నుంచి మనకి ఇచ్చిన ఆరంకెల పిన్‌కోడ్‌ని ముందు అడిగితే జిల్లా, రాష్ట్రం వాటంతటవే నిండుతాయి. అదే క్షణంలో "మీ ఊరికి శుక్రవారం లోపు చేరుతుంది" అని చెప్పొచ్చు కూడా. ఆ తర్వాత ఇంటి నంబరు, వీధికి ఒక గడి. ఇంకో గడి తప్పకుండా ఉండాలి: దేనికి దగ్గర? రామాలయం ఎదురు సందు, వాటర్ ట్యాంకు వెనక, ఫలానా స్కూలు పక్క మేడ. మన ఊళ్లలో కొరియర్ అబ్బాయి ఇల్లు పట్టుకునేది ఆ గడితోనే.

ఫోన్ నంబరు, పిన్‌కోడ్ గడుల్లో వేలు పెట్టగానే అంకెల కీబోర్డు రావాలి. గడుల్లో అక్షరాల సైజు 16 పిక్సెళ్లకి తగ్గకూడదు. తగ్గితే ఐఫోన్‌లో గడి నొక్కగానే పేజీ ఉబ్బి పక్కకి జరుగుతుంది. మీ స్టోర్ కట్టినవాళ్లకి ఈ రెండు మాటలూ చెప్తే అరగంటలో సరిచేస్తారు.

పేమెంట్‌కి వద్దాం. 2016లో మొదలైన యూపీఐ ఇవాళ టీ బండి దాకా వచ్చింది. అయినా కొన్ని స్టోర్లు ఫోన్‌లో కొనేవాళ్లకి కూడా క్యూఆర్ కోడ్ చూపించి స్కాన్ చెయ్యమంటాయి. ఆ కోడ్ ఉన్నది ఆవిడ చేతిలో ఉన్న ఫోన్‌లోనే. దాన్ని దేనితో స్కాన్ చెయ్యాలి? ఫోన్‌లో ఉన్న యూపీఐ యాప్‌ల పేర్లు వరసగా చూపించి, నొక్కగానే మొత్తం నిండి ఉన్న యాప్ తెరుచుకునేలా పెట్టమని మీ పేమెంట్ గేట్‌వే వాళ్లని అడగండి. ఆ సదుపాయం వాళ్ల దగ్గర ఉంటుంది. ఇంకో సంగతి, డబ్బు కట్ అయి ఆర్డరు ఖాయం కాని సందర్భం. ఆ రెండు నిమిషాలూ కొనేవాళ్లకి గుండె దడ. అప్పుడు కనిపించే పేజీలో "పేమెంట్ ఫెయిల్డ్" అని ఎర్రటి మాట ఒక్కటే ఉంటే ఆ మనిషి మీ స్టోర్‌కి ఈ జన్మలో రాదు. "బ్యాంకు నుంచి సమాచారం కోసం చూస్తున్నాం. డబ్బు కట్ అయి ఆర్డరు ఖాయం కాకపోతే అది తిరిగి మీ ఖాతాలోకే వస్తుంది. ఇదిగో మా నంబరు, మాట్లాడండి" అని రాయండి. తర్వాత ఆ నంబరుకి ఫోన్ వస్తే నిజంగా ఎత్తండి.

చీర పేజీ

మన స్టోర్‌లో 620 మంది చీర తెరిస్తే 70 మందే కార్ట్‌లో వేశారు. ఇక్కడ పని ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. అందులోనూ సగం ఫోటోలదే.

మొదటి ఫోటో కట్టుకున్న మనిషిది పెట్టండి. చీర కొనేవాళ్లు ముందు తమని అందులో ఊహించుకుంటారు. మోడల్ ఉండాలని లేదు, మీ ఇంట్లో ఆడపిల్ల కట్టుకున్నా చాలు, ముఖం చూపించడం ఇష్టం లేకపోతే మెడ కింది నుంచి తియ్యండి. తర్వాత కొంగు మొత్తం పరిచి ఒకటి. అంచు దగ్గర నుంచి ఒకటి. అంచు పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే ఎంత వెడల్పో చెప్పకుండానే తెలుస్తుంది. మంగళగిరి చీరకి అందం నిజాం బోర్డర్ దగ్గరే ఉంటుంది, ఒంటి మీద బుటాలుండవు, కాబట్టి ఆ అంచుని దగ్గరగా చూపించకపోతే మీరు చీరే చూపించనట్టు. జాకెట్టు ముక్క విడిగా ఒకటి. వెనక వైపు ఒకటి. బట్ట కింద అరచెయ్యి పెట్టి ఒకటి, పల్చనా మందమా అన్న అనుమానం దాంతో తీరుతుంది. చీరని చేత్తో పట్టుకుని నెమ్మదిగా కదిపే పది సెకన్ల వీడియో కూడా పెట్టండి; బట్ట ఎలా జారుతుందో, జరీ ఎలా మెరుస్తుందో చూపించడం ఫోటో వల్ల కాదు.

రంగు దగ్గరే రిటర్నులు పుడతాయి. పొద్దున ఎనిమిది, పది మధ్య, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన తియ్యండి. గదిలో లైట్లు ఆర్పెయ్యండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీసి, ఫోటోలో అది తెల్లగా ఉందో లేదో చూడండి. పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అబద్ధమే. ఫిల్టర్లు వద్దు. రంగు పేరు మాత్రం మన పేరే రాయండి. "పర్పుల్" అంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు తోస్తుంది. వంగపండు, నేరేడు, కనకాంబరం, చిలకాకుపచ్చ, గంధం, మామిడి చిగురు అంటే మన ఆడవాళ్లకి కళ్ల ముందు కనిపిస్తుంది. ఇది మన దగ్గరున్న ఆస్తి, దేశంలోని పెద్ద పెద్ద షాపింగ్ సైట్లకి లేనిది.

ఇక రాత. మీ వాట్సాప్ తెరిచి గడిచిన మూడు నెలల్లో కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. జాకెట్టు ముక్క ఉందా? పొడవెంత? ఇంట్లో ఉతకొచ్చా? రంగు పోతుందా? గంజి పెట్టాలా? ఫాల్ కుట్టి పంపుతారా? పండక్కి అందుతుందా? ఆ కాగితమే మీ చీర పేజీ. ప్రశ్నలు అడిగిన మాటల్లోనే రాసి, కింద ఒక్కో వాక్యంలో జవాబు పెట్టండి. "చీర 5.5 మీటర్లు, దానికి అదనంగా 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలిసే ఉంది." "మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో." ఆధునిక మహిళ సొగసు గురించి రాయాల్సిన అవసరమే రాదు.

చేనేత అన్న మాటకి రుజువు చూపించండి. మంగళగిరి చీరలకి జీఐ ట్యాగ్ ఉంది. మీ చీరకి హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాన్ని దగ్గరగా ఫోటో తియ్యండి. గుంట మగ్గం మీద మీ చీర నేస్తున్న వీడియో ఉంటే, నేసిన మనిషి ఒప్పుకుంటే, అది పెట్టండి. మగ్గం చీరలో అక్కడక్కడ దారపు ముడి కనిపిస్తుంది. దాన్ని దాచకుండా ఫోటోలో చూపించి, ఇది మగ్గం గుర్తు, చిరుగు కాదు అని చెప్పండి. ముందు చూసినవాళ్లు పార్సిల్ విప్పాక ఉలిక్కిపడరు.

ధర, ఎప్పుడు అందుతుంది, నచ్చకపోతే ఎలా, కొనే బటన్. ఈ నాలుగూ ఒకే చోట, చీర చూస్తున్నంతసేపూ స్క్రీన్ అడుగున కనిపించేలా ఉండాలి. బొటనవేలు అందేది అక్కడికే.

పచ్చళ్లూ పొడులూ అమ్మేవాళ్లకీ పద్ధతి ఇదే, సందేహాలే వేరు. నూనె ఏది, కారం ఎంత, సీసా ఎంత పెద్దది, దారిలో కారదా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ కనపడేలా ఉండాలి. అమెరికాలోని మనవాళ్లకి పంపేవాళ్లు ఇంకొకటి చెప్పాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. సుంకం ధరలోనే కలిసి ఉందా, అక్కడ అందుకునేవాళ్లు కట్టాలా? కొనే బటన్ పక్కనే రాయండి. డాలస్‌లో ఉన్న కూతురు ఆవకాయ కోసం పార్సిల్‌వాడితో వాదించాల్సి వస్తే ఆ కుటుంబం మీ దగ్గర మళ్లీ కొనదు.

వేగం, అక్షరాలు

ఫోన్ కెమెరాతో తీసిన ఒక ఫోటో 4 ఎంబీ దాకా ఉంటుంది. 12 చీరలున్న పేజీలో వాటిని అలాగే ఎక్కిస్తే 48 ఎంబీ. బస్సులో ఉన్న మనిషికి అది ఎప్పటికి తెరుచుకుంటుంది? వెడల్పు 1,200 పిక్సెళ్లకి తగ్గించి వెబ్‌పీ రకంలో దాచుకుంటే ఒక్కోటీ 200 కేబీ లోపుకి వస్తుంది, కంటికి తేడా తెలియదు. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ చీర పేజీ అడ్రసు వేసి చూడండి. పేజీలోని ప్రధానమైన ఫోటో 2.5 సెకన్ల లోపు కనపడాలన్నది గూగుల్ పెట్టుకున్న గీత. ఫోటో ఆలస్యంగా వచ్చి కింద ఉన్న బటన్‌ని తోసెయ్యడం కూడా అక్కడే తెలుస్తుంది. కొనబోయి వేరేది నొక్కడం అలాగే జరుగుతుంది.

తెలుగులో రాసే స్టోర్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇంగ్లిష్ అక్షరాల కోసం తయారైన టెంప్లేట్లలో వరసకీ వరసకీ మధ్య చోటు తక్కువ. మన గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. "వస్త్రం"లో కింది ఒత్తు కింద వరస గుడికి తగులుతుంది, బటన్ మీదైతే సగం తెగిపోతుంది. వరసల ఎత్తు అక్షరం సైజుకి కనీసం 1.6 రెట్లు ఉంచమని చెప్పండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు శుభ్రంగా ఉంటాయి. యాభై దాటిన కళ్లు చదవాలి కాబట్టి సైజు ధారాళంగా పెట్టండి.

నమ్మకం

పేరు తెలియని స్టోర్‌కి ముందే డబ్బు కట్టడం కొనేవాళ్లకి సాహసమే. "వీళ్లెవరు, ఎక్కడుంటారు, పంపకపోతే ఎవర్ని అడగాలి?" ఈ మూడింటికీ జవాబు ప్రతి పేజీ అడుగునా ఉండాలి. ఇది మంచితనమే కాదు, చట్టం కూడా. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం సొంత సరుకు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సంస్థ పేరు, అడ్రసు, కస్టమర్ కేర్, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తామే కొన్నవాళ్లమన్నట్టు సమీక్షలు రాసుకోకూడదు. రిటర్న్ పద్ధతి మామూలు మాటల్లో, నాలుగు వాక్యాల్లో రాయండి: ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఎవరి ఖర్చు, డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది, ఏది వెనక్కి తీసుకోరు.

"ఇంకా 9 నిమిషాలే!" అని పరుగెత్తే గడియారం, "ఇప్పుడే 17 మంది చూస్తున్నారు" అనే పట్టీ. స్టోర్‌కి ఇవి పెడితే అమ్మకాలు పెరుగుతాయని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. పెట్టకండి. పేజీ మళ్లీ తెరిస్తే గడియారం మళ్లీ 9 దగ్గర మొదలవుతుందని కొనేవాళ్లకి తెలుసు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 మాయపద్ధతుల్ని పేరుపేరునా నిషేధిస్తూ మార్గదర్శకాలిచ్చింది. దొంగ తొందర, అడక్కుండా కార్ట్‌లో వస్తువు చేర్చడం, చివర్లో ధర పెంచడం, వద్దన్నవాళ్లని సిగ్గుపడేలా చెయ్యడం అందులో ఉన్నాయి. చేనేత చీర నిజంగానే ఒక్కటే ఉంటుంది. "ఈ రంగులో ఇదొక్కటే ఉంది, మళ్లీ నెయ్యడానికి మూడు వారాలు" అన్నది నిజమైతే అది చాలు, గడియారం అక్కర్లేదు.

మొదటి పేజీ గురించి ఎక్కువ చెప్పను. ఏం అమ్ముతారు, ఎక్కడి నుంచి, ఎంత నుంచి ఎంత దాకా: "మంగళగిరి మగ్గం చీరలు, 1,200 నుంచి 6,000 వరకు, నేరుగా నేతవాళ్ల దగ్గర్నుంచి." దాని కింద చీరలు. ప్రకటన చూసి వచ్చినవాళ్లని మాత్రం మొదటి పేజీకి తీసుకురావద్దు. ప్రకటనలో ఏ చీర చూపించారో ఆ చీర దగ్గరికే తీసుకెళ్లండి.

మార్పు పనిచేసిందో లేదో

సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది చూపించి పోల్చమని పుస్తకాలు చెప్తాయి. చిన్న స్టోర్‌కి అది కుదరదు. 1 శాతం 1.5 అయిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వైపు సుమారు ఏడెనిమిది వేల మంది కావాలి. వారానికి సగటున 10 ఆర్డర్లు వచ్చే స్టోర్‌లో ఏమీ మార్చకపోయినా ఒక వారం 6, ఇంకో వారం 14 రావడం మామూలే. కాబట్టి ఒక వారం అంకె చూసి సంబరపడొద్దు, దిగులుపడొద్దు. ఒక్కో దశనీ విడిగా చూడండి. చెకౌట్ మారిస్తే, కార్ట్‌లో వేసినవాళ్లలో ఎందరు పూర్తిచేశారన్నదే చూడాలి. చీర పేజీ మారిస్తే, తెరిచినవాళ్లలో ఎందరు కార్ట్‌లో వేశారన్నది. ఎప్పుడు ఏం మార్చారో తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోండి.

మన క్యాలెండర్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆషాఢంలో బటన్ రంగు మార్చి, శ్రావణంలో ఆర్డర్లు రెట్టింపయ్యాయని సంతోషిస్తే, ఆ ఘనత వరలక్ష్మీ వ్రతానిదీ పెళ్లి ముహూర్తాలదీ. శ్రావణాన్ని పోయినేడు శ్రావణంతో పోల్చాలి, సంక్రాంతిని సంక్రాంతితో. అధికమాసం వచ్చిన ఏడాది ఇంగ్లిష్ నెలలు పట్టుకుని పోలిస్తే లెక్క తప్పుతుంది. పెద్ద మార్పులు పండగ రద్దీకి నెల ముందే చేసి ముగించండి; వ్రతానికి వారం ముందు చెకౌట్‌లో చెయ్యి పెట్టకండి.

ఆఖరున, లెక్క పెట్టాల్సింది ఆర్డరు దగ్గర ఆగదు. క్యాష్ ఆన్ డెలివరీ మీద వెళ్లిన పార్సిల్ తలుపు దగ్గర వద్దనిపించుకుని తిరిగొస్తే రానూపోనూ కొరియర్ ఖర్చు మీదే. ఫోటోలో రంగు పెంచి చూపించి రాబట్టిన ఆర్డరు డ్యాష్‌బోర్డులో కన్వర్షన్‌గానే కనిపిస్తుంది, పది రోజుల తర్వాత రిటర్న్‌గా వస్తుంది. అందుకే నోట్‌బుక్‌లో ఇంకో గడి గీయండి: పంపినవాటిలో ఇంట్లో ఉండిపోయినవెన్ని. తిరిగొచ్చిన ప్రతి చీర పక్కనా కారణం వాళ్ల మాటల్లోనే రాయండి. "రంగు ఇలా లేదు" అని రెండుసార్లు కనిపిస్తే ఆ ఫోటోలు మళ్లీ తియ్యండి. "ఆలస్యమైంది, పండగ అయిపోయింది" అని ఉంటే పేజీలో రాసిన తేదీ దిద్దండి. "మా ఇంట్లో ఎవరు ఆర్డరు పెట్టారో తెలియదు" అని వస్తే, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకి పార్సిల్ కట్టేముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపి, అవునని జవాబు వచ్చాకే కట్టండి.